కారు ఇంజిన్ ఇగ్నిషన్ టైమింగ్ చూసుకోవడం, సరిచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) ఉన్న పాత పెట్రోల్ కారు నడిపేవాళ్లకు టైమింగ్ విషయంలో, అంటే స్పార్క్ ఏ క్షణంలో పడాలన్న విషయంలో, వచ్చే సందేహాలు దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న దగ్గర ఆగినా దాని జవాబు అక్కడే పూర్తవుతుంది, వరుసగా చదవనక్కర్లేదు. డిగ్రీలన్నీ, వేరుగా చెప్పిన చోట తప్ప, క్రాంక్ షాఫ్ట్ డిగ్రీలే. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన స్థానాన్ని టీడీసీ అంటున్నాం. మీ ఇంజిన్‌కు పెట్టాల్సిన అసలు అంకె బానెట్ కింద స్టిక్కర్ మీదో, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోనో ఉంటుంది. ఆ అంకె తెలియకుండా స్పానర్ పట్టుకోకండి.

## పని మొదలుపెట్టే ముందు

పిస్టన్ ఇంకా పైకి రాకముందే స్పార్క్ ఎందుకు ఇవ్వాలి? ఇంజిన్ వెనక్కి తిరగదా?

స్పార్క్ పడగానే పెట్రోల్, గాలి మిశ్రమం ఒక్కసారిగా భగ్గుమనదు. మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ అంతా పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మంట వల్ల పుట్టే ఒత్తిడి పిస్టన్ టీడీసీ దాటి సుమారు 15 డిగ్రీలు కిందికి దిగినప్పుడు గరిష్ఠంగా ఉంటే పని బాగా జరుగుతుంది. అలా జరగాలంటే స్పార్క్ ముందే పడాలి.

ఇలా ముందు పడే డిగ్రీలనే అడ్వాన్స్ అంటారు. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందు పడాలి. 1000 ఆర్పీఎం దగ్గర క్రాంక్ ఒక మిల్లీసెకనులో 6 డిగ్రీలు తిరుగుతుంది. 3000 దగ్గర అదే మిల్లీసెకనులో 18, 6000 దగ్గర 36 డిగ్రీలు. వేగంతోపాటు సిలిండర్‌లో సుడి పెరిగి మంట కూడా త్వరగా పాకుతుంది కాబట్టి అడ్వాన్స్ అదే లెక్కన పెరుగుతూ పోదు, ఒకచోట ఆగుతుంది. సిలిండర్‌కు రెండు వాల్వులున్న పాత ఇంజిన్లలో ఐడ్లింగ్‌లో 5 నుంచి 12 డిగ్రీలు, ఫుల్ థ్రాటిల్‌లో మొత్తం 30 నుంచి 36 డిగ్రీల దాకా ఉండడం మామూలు. ఇక ఇంజిన్ వెనక్కి తన్నడం అంటారా, స్పార్క్ మరీ ముందు పడితే అదీ జరుగుతుంది.

మా కారులో టైమింగ్ మార్చుకునే వీలుందో లేదో ఎలా తెలుస్తుంది?

బానెట్ ఎత్తి చూడండి. మధ్యలో ఒక లావు వైరు, చుట్టూ ప్రతి ప్లగ్‌కీ ఒక వైరు ఉన్న ప్లాస్టిక్ టోపీ కనిపిస్తే అది డిస్ట్రిబ్యూటర్. దాని అడుగున ఒక బిగింపు బోల్టు ఉండి, వదులు చేస్తే బాడీ తిరిగేలా ఉంటే టైమింగ్ చేత్తో మార్చుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ లేకపోయినా కామ్ సెన్సర్‌ను తిప్పి సెట్ చేసేవి కొన్ని ఉన్నాయి. మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 అలాంటిదే.

ప్రతి ప్లగ్ మీదా విడిగా ఒక కాయిల్ కూర్చుని ఉందంటే తిప్పడానికి ఏమీ లేనట్టే. క్రాంక్ సెన్సర్, నాక్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, క్షణక్షణానికీ నిర్ణయిస్తుంది.

డీజిల్ కారుకి?

డీజిల్‌లో స్పార్కే ఉండదు. అక్కడ చూసేది ఇంజెక్షన్ టైమింగ్. దాని పనిముట్లూ పద్ధతీ వేరు.

టైమింగ్ బెల్టూ, ఇగ్నిషన్ టైమింగూ ఒకటేనా?

కాదు. బెల్టు గానీ చైను గానీ వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చూస్తుంది. ఇగ్నిషన్ టైమింగ్ స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పేది. అయితే చాలా ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది కామ్ షాఫ్టే. అందువల్ల బెల్టు ఒక పన్ను జారితే రెండూ కలిసి తప్పుతాయి. నిన్నటిదాకా బాగున్న టైమింగ్ ఎవరూ ముట్టుకోకుండానే ఒక్కసారిగా చాలా డిగ్రీలు మారిందంటే ముందు బెల్టు కవర్ తీసి చూడండి. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ తిప్పి సరిపెట్టడం అసలు జబ్బును కప్పిపెట్టడమే.

టైమింగ్ తప్పిందని బండి నడుపుతుంటే తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ ఆ లక్షణాలు వేరే కారణాలతోనూ రావచ్చు.

టైమింగ్ వెనకబడితే, అంటే రిటార్డ్ అయితే, పికప్ చచ్చిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కినా బండి బద్ధకంగా కదులుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. మిశ్రమం ఆలస్యంగా కాలుతూ ఎగ్జాస్ట్‌లోకి వెళ్లడంతో మానిఫోల్డ్ విపరీతంగా కాలిపోతుంది, సైలెన్సర్‌లో టపటపలు వినిపించవచ్చు.

మరీ ముందుకు జరిగితే, అంటే అడ్వాన్స్ ఎక్కువైతే, ఎత్తు ఎక్కేటప్పుడో, పెద్ద గేరులో తక్కువ వేగంతో తొక్కినప్పుడో ఇంజిన్‌లోంచి గలగలమని లోహపు చప్పుడు వస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. రిటార్డ్ వల్ల చేతికి చిరాకు, జేబుకి ఖర్చు. నాకింగ్‌ను మాత్రం అలాగే వదిలేస్తే పిస్టన్, హెడ్ గాస్కెట్ పోతాయి.

వేడి ఇంజిన్ స్టార్ట్ చేస్తుంటే స్టార్టర్ ఆగి ఆగి తిరుగుతోంది, వెనక్కి తన్నినట్టుంది. ఇది టైమింగేనా?

బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఎర్త్ వైరు బాగున్నాయని తేలాక మొదట అనుమానించాల్సింది అడ్వాన్స్‌నే. స్టార్టర్ తిప్పే వేగం చాలా తక్కువ. స్పార్క్ ముందే పడితే పిస్టన్ పైకి వస్తుండగానే ఒత్తిడి దాన్ని కిందికి నెడుతుంది.

1908 నుంచి 1927 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో స్టీరింగ్ కింద స్పార్క్ కోసం ప్రత్యేకంగా ఒక లీవర్ ఉండేది. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేముందు దాన్ని రిటార్డ్ వైపు పెట్టడం మరిచిపోతే హ్యాండిల్ వెనక్కి తన్ని చెయ్యి విరిగేది. ఇప్పుడు దెబ్బ చేతికి కాకుండా స్టార్టర్ పళ్లకు తగులుతుంది, అంతే తేడా.

ఏమేం పనిముట్లు కావాలి?

ఇండక్టివ్ టైమింగ్ లైట్, డిస్ట్రిబ్యూటర్ బోల్టుకు సరిపోయే స్పానర్, క్రాంక్ పుల్లీ బోల్టు తిప్పడానికి సాకెట్, ఫీలర్ గేజ్, ఆర్పీఎం చూపే మీటర్, వాక్యూమ్ పైపు మూయడానికి చిన్న బిరడా, ఒక సుద్దముక్క. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టు మామూలు స్పానర్‌కు అందదు, వంకర తిరిగిన డిస్ట్రిబ్యూటర్ స్పానర్ వాడాలి. డబ్బు పెట్టాల్సిన వస్తువు లైటు ఒక్కటే. దాంట్లో మాత్రం కక్కుర్తి వద్దు.

ఇంజిన్ నడుస్తుండగా చేసే పని కదా, ప్రమాదం కాదా?

జాగ్రత్తగా లేకపోతే ప్రమాదమే. అన్నిటికంటే మోసం చేసేది ఫ్యాన్. టైమింగ్ లైట్ మిణుకులు ఇంజిన్ వేగంతో కలిసిపోవడం వల్ల తిరుగుతున్న పుల్లీ, ఫ్యాన్ రెక్కలు ఆగిపోయినట్టే కనిపిస్తాయి. మసక వెలుతురులో ఆ రెక్కల మధ్య ఖాళీ ఉందనుకుని చెయ్యి పెట్టేస్తారు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే ఏ క్షణంలోనైనా దానంతటదే తిరగడం మొదలెడుతుంది.

చున్నీ, టై, వదులు చేతుల చొక్కా, వేలాడే జుట్టు ఏవీ వద్దు. లైటు వైర్లు బెల్టులకూ ఎగ్జాస్ట్‌కూ తగలకుండా పక్కకు కట్టండి. గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డం పెట్టండి. ప్లగ్ వైర్లలో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. తలుపులు మూసిన గదిలో ఇంజిన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

## చూడడం

టైమింగ్ చూసే ముందు ఇంకేమైనా సరిచేసుకోవాలా?

చేసుకోవాలి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. టైమింగ్ ఈ వరుసలో చివరి పని. ముందు ప్లగ్‌లు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ చూసుకోవాలి. క్యాప్ లోపల సన్నటి నల్లటి గీత ఉందంటే కరెంటు అటు పారుతోందని అర్థం.

పాయింట్లున్న (డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ స్పార్క్ పుట్టించే లోహపు కొనలు ఉన్న) బండి అయితే వాటి మధ్య గ్యాప్ పెట్టాకే టైమింగ్. చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో గ్యాప్ 0.4 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. మీ మాన్యువల్ అంకె చూసుకోండి. గ్యాప్ పెంచితే పాయింట్లు త్వరగా విడిపోయి టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. అంటే టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే చేసిన పనంతా పోయినట్టే. అదే టైమింగ్ మారిస్తే మాత్రం గ్యాప్‌కు ఏమీ కాదు.

ఆ తర్వాత ఇంజిన్ పూర్తిగా వేడెక్కనిచ్చి, చోక్ తెరుచుకుందని చూసి, ఐడ్లింగ్ వేగం మాన్యువల్ చెప్పినంత పెట్టాలి. ఐడ్లింగ్ ఎక్కువుంటే, వేగం పెరిగేకొద్దీ అడ్వాన్స్ పెంచే డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు అప్పుడే పనిచేయడం మొదలెట్టి తప్పుడు అంకె చూపిస్తాయి.

మార్కులు ఎక్కడుంటాయి? ఎంత వెతికినా కనపడడం లేదు.

ఎక్కువ ఇంజిన్లలో ముందున్న క్రాంక్ పుల్లీ అంచు మీద ఒక గాడి, దాని పక్కనే టైమింగ్ కవర్ మీద అంకెలున్న స్కేలు ఉంటాయి. కొన్నిటిలో అంకెలు పుల్లీ మీద ఉండి కవర్ మీద ముల్లు ఒక్కటే ఉంటుంది. మరికొన్నిటిలో మార్కులు ఫ్లైవీల్ మీద ఉంటాయి, గేర్‌బాక్స్ దగ్గర రబ్బరు మూత తీసి చిన్న కిటికీలోంచి చూడాలి.

ఏళ్ల తరబడి పట్టిన జిడ్డూ మట్టీ కింద అవి దాక్కుని ఉంటాయి. ఇంజిన్ ఆపి, పుల్లీని కొంచెం కొంచెంగా తిప్పుతూ కిరోసిన్ గుడ్డతో అంచంతా తుడవండి. గాడి దొరికాక అందులో సుద్ద రుద్ది పైపైన తుడిచేస్తే గాడిలో మాత్రమే తెలుపు మిగులుతుంది. ఒకటికి మించి గాళ్లుంటే మీకు కావాల్సినదాని మీదే రంగు పెట్టండి. అన్నిటికీ పెడితే లైటు వేసినప్పుడు ఏది ఏదో తెలియదు.

పుల్లీ మీది మార్కును కళ్లు మూసుకుని నమ్మొచ్చా?

పాత బండిలో నమ్మకూడదు. చాలా క్రాంక్ పుల్లీలు లోపలి భాగం, బయటి రింగు, మధ్యలో రబ్బరుతో తయారవుతాయి. రబ్బరు పాతబడి రింగు జారితే మార్కు కూడా దాంతోపాటే జారుతుంది. లైటు సరైన అంకె చూపిస్తుంది, ఇంజిన్ మాత్రం నాకింగ్ చేస్తూనే ఉంటుంది.

పరీక్షించడం తేలికే. బ్యాటరీ వైరు తీసేసి, ప్లగ్‌లన్నీ విప్పి, ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను పైదాకా రాకుండా ఆపే పనిముట్టు) బిగించండి. పుల్లీని చేత్తో నెమ్మదిగా తిప్పితే పిస్టన్ స్టాప్‌కు తగిలి ఆగుతుంది. ముల్లుకు ఎదురుగా పుల్లీ మీద గీత పెట్టండి. వ్యతిరేక దిశలో తిప్పి మళ్లీ ఆగినచోట ఇంకో గీత. రెండు గీతలకూ సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలు టీడీసీ. కంపెనీ మార్కు అక్కడే ఉంటే సరే, లేకపోతే పుల్లీ మార్చాల్సిందే. దీనికి స్టార్టర్ మాత్రం వాడకండి. స్టాప్ పిస్టన్‌లోకి దిగబడుతుంది.

ఒకటో సిలిండర్ ఏదో ఎలా గుర్తుపట్టాలి?

వరుసగా ఉన్న ఇంజిన్‌లో సాధారణంగా టైమింగ్ బెల్టు లేదా చైను ఉన్న వైపు మొదటిది. అన్నిటికీ ఇదే వర్తిస్తుందనుకోవద్దు, వీ ఆకారపు ఇంజిన్లలో కంపెనీని బట్టి మారుతుంది. ఇంటేక్ మానిఫోల్డ్ మీద అచ్చు పోసిన అంకెలు గానీ, క్యాప్ మీద 1 అనే గుర్తు గానీ చూడండి.

టైమింగ్ లైట్‌ను ఎలా వాడాలి?

ఇంజిన్ ఆపి ఉండగా ఎర్ర క్లిప్ బ్యాటరీ ప్లస్‌కి, నల్ల క్లిప్ మైనస్‌కి, మూడో క్లాంప్ ఒకటో సిలిండర్ ప్లగ్ వైరు చుట్టూ పెట్టండి. క్లాంప్ మీద బాణం గుర్తుంటే అది ప్లగ్ వైపు చూడాలి. పక్క వైర్లకు ఆనకూడదు, పూర్తిగా మూసుకోవాలి. కొంచెం తెరుచుకుని ఉన్నా మిణుకులు తప్పిపోతాయి.

ఇంజిన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో నిలకడగా ఉన్నాక లైటును మార్కు మీదికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కండి. పుల్లీ మీది తెల్ల గీత ఆగిపోయినట్టు కనిపిస్తుంది. స్కేలులో ఏ అంకె ఎదురుగా ఉందో అదే ఇప్పటి టైమింగ్. పక్కనుంచి వంగి చూస్తే రెండు మూడు డిగ్రీలు తేడాగా కనిపిస్తుంది, వీలైనంత ఎదురుగా చూడండి.

డయల్ ఉన్న లైటు అయితే ఒక పొరపాటు చాలామందికి జరుగుతుంది. మీకు 10 డిగ్రీలు కావాలంటే డయల్‌ను 10 దగ్గర పెట్టి, పుల్లీ మీది సున్నా గీతను ముల్లుకు ఎదురుగా తేవాలి. డయల్ 10 దగ్గర ఉంచి 10 డిగ్రీల గీతను కలిపారా, మీరు పెట్టింది 20. స్కేలు చూసి చదివేటట్టయితే డయల్‌ను సున్నాలోనే ఉంచండి.

వాక్యూమ్ పైపు తీయమంటారు ఎందుకు? తీసి వదిలేస్తే చాలదా?

ఇంజిన్ మీద బరువు తక్కువగా ఉన్నప్పుడు సిలిండర్‌లోకి మిశ్రమం కొద్దిగానే వెళ్తుంది, అది నెమ్మదిగా కాలుతుంది. అందుకని డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న వాక్యూమ్ డబ్బా ఇంకొంత అడ్వాన్స్ కలుపుతుంది. మనం చూడాల్సింది అది కలవని మూల టైమింగ్.

తీసిన పైపును ఊరకే వదిలేస్తే దాంట్లోంచి గాలి ఇంజిన్‌లోకి దూరి ఐడ్లింగ్ మారిపోవచ్చు. కార్బురేటర్ వైపు కొసను బిరడాతో మూయండి. పైపు ఉంచే చూడమని చెప్పే మోడళ్లు కూడా కొన్ని ఉన్నాయి. అలాంటిచోట మాన్యువల్ మాటే చివరి మాట.

లైటు వేస్తే మార్కు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ దూకుతోంది. ఎక్కడ చదవాలి?

ఎక్కడా చదవకండి, ముందు ఎందుకు దూకుతోందో చూడండి. ఒకటి రెండు డిగ్రీల కదలిక పాత ఇంజిన్లలో మామూలే. అంతకు మించితే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగి ఉండొచ్చు. క్యాప్ తీసి రోటర్‌ను పక్కలకు ఊపితే తెలిసిపోతుంది, పైకీ కిందికీ కొంచెం కదిలితే మాత్రం కంగారు అక్కర్లేదు. చైను సాగిపోవడం, పాయింట్ల ప్లేటు వదులవడం, అడ్వాన్స్ స్ప్రింగు తెగడం కూడా కారణాలే. ఇంజిన్ మిస్సింగ్ అవుతూ ఐడ్లింగే ఎగుడుదిగుడుగా ఉంటే ముందు దాని సంగతి చూడండి.

టైమింగ్ లైట్ లేదు. బల్బుతో సెట్ చేసుకోవచ్చా?

పాయింట్లున్న బండికి చేసుకోవచ్చు. దీన్ని స్టాటిక్ టైమింగ్ అంటారు, ఇంజిన్ నడవక్కర్లేదు.

క్యాప్ తీసి, ఇంజిన్‌ను అది మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ, రోటర్ ఒకటో సిలిండర్ వైపు చూస్తుండగా మాన్యువల్ చెప్పిన స్టాటిక్ మార్కు దగ్గర ఆపండి. దాటిపోతే ఆ కాస్త వెనక్కి తిప్పి సరిపెట్టకండి. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి, లేకపోతే చైను, గేర్ల వదులు లెక్క తప్పిస్తుంది.

12 వోల్టుల బల్బును కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైరు వచ్చే టెర్మినల్‌కూ, ఇంజిన్ లోహానికీ మధ్య కలిపి కీ ఆన్ చేయండి. పాయింట్లు కలిసి ఉంటే బల్బు ఆరిపోయి ఉంటుంది, విడిపోయిన క్షణంలో వెలుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, బల్బు ఆరేదాకా రోటర్ తిరిగే దిశలో బాడీని తిప్పండి. తర్వాత వ్యతిరేకంగా నెమ్మదిగా తెస్తూ బల్బు వెలిగిన చోటే ఆపి బిగించండి. కీ ఆన్‌లో ఉంచి టీ తాగడానికి వెళ్లకండి, పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ కాలిపోతుంది. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కు ఈ పద్ధతి పనికిరాదు.

## సరిచేయడం

డిస్ట్రిబ్యూటర్‌ను ఎటు తిప్పితే అడ్వాన్స్, ఎటు తిప్పితే రిటార్డ్?

రోటర్ తిరిగే దిశకు వ్యతిరేకంగా బాడీని తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో తిప్పితే రిటార్డ్. రోటర్ ఎటు తిరుగుతుందో తెలియకపోతే క్యాప్ తీసి, ఇంజిన్‌ను చేత్తో కొంచెం తిప్పి చూడండి. కుడి, ఎడమ అని గుర్తుపెట్టుకోకండి, ఇంకో కారు దగ్గరికి వెళ్లేసరికి తిరగబడుతుంది.

ఎంత తిప్పాలి?

అనుకున్నదానికంటే చాలా తక్కువ. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది, అందుకే బాడీని 1 డిగ్రీ తిప్పితే టైమింగ్ 2 డిగ్రీలు మారుతుంది. బాడీ వ్యాసం 70 మి.మీ. అనుకుంటే, 5 డిగ్రీల మార్పుకు దాని అంచు జరిగేది ఒకటిన్నర మి.మీ. మాత్రమే.

బోల్టును పూర్తిగా వదలకండి. బాడీ చేత్తో బలంగా తిప్పితే కదలాలి, వదిలితే అక్కడే ఉండాలి, అంత వదులు చాలు. మొదలుపెట్టేముందు బాడీకీ ఇంజిన్‌కూ కలిపి ఒక గీత గీసుకోండి, పని చెడితే పాత చోటికి తిరిగి రావచ్చు. నడుస్తున్న ఇంజిన్‌లో క్యాప్‌నూ ప్లగ్ వైర్లనూ పట్టుకోకుండా బాడీని కిందిభాగంలో పట్టుకోండి. కావాల్సిన అంకె రాగానే బోల్టు బిగించి, లైటుతో ఇంకోసారి చూడండి. బిగించేటప్పుడు బాడీ ఒకటి రెండు డిగ్రీలు జరగడం చాలా తరచుగా జరిగేదే.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, డిస్ట్రిబ్యూటర్ కూడా ఉంది. తిప్పినా ఈసీయూ మళ్లీ మార్చేస్తోంది. ఎలా?

మధ్యకాలపు బండ్ల సంగతి ఇది. ముందు ఈసీయూ తన దిద్దుబాట్లు ఆపేలా చేయాలి. అందుకు చాలా కంపెనీలు బానెట్ కింద ఒక కనెక్టర్ ఇచ్చాయి. ఆ కాలపు అనేక టయోటాల్లో డయాగ్నస్టిక్ డబ్బాలో టీఈ1, ఈ1 అనే రెండు పిన్నులను వైరుతో కలిపితే ఈసీయూ మూల టైమింగ్‌కు వస్తుంది. మొదటి తరం ఎంఎక్స్-5లో టీఈఎన్, జీఎన్‌డీ కలపాలి, పెట్టాల్సింది టీడీసీకి ముందు 10 డిగ్రీలు. కొన్ని ఫోర్డ్‌లలో కలపడానికి బదులు స్పౌట్ అనే కనెక్టర్ ఊడదీయాలి.

కనెక్టర్ సంగతి మరిచి లైటు వేస్తే కనిపించేది ఈసీయూ ఆ క్షణానికి ఎంచుకున్న అంకె. దాన్ని చూసి తిప్పితే తప్పే. ఒక పిన్నుకు బదులు ఇంకో పిన్ను కలిపితే ఫ్యూజుతో పోతే అదృష్టం, కాబట్టి మూత మీది రేఖాచిత్రం చూసుకోండి. పని అయ్యాక వైరు తీసేయడం మరవద్దు.

పూర్తిగా చివరిదాకా తిప్పినా కావాల్సిన అంకె రావడం లేదు.

డిస్ట్రిబ్యూటర్‌ను ఎవరో ఎప్పుడో తీసి గేరు ఒక పన్ను పక్కకు కూర్చోబెట్టి ఉంటారు. లేదా బెల్టు, చైను పన్ను జారి ఉంటుంది. రెండోది కాదని తేల్చుకున్నాకే డిస్ట్రిబ్యూటర్ తీయండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో టీడీసీకి వచ్చినప్పుడు రోటర్ క్యాప్‌లో ఒకటో వైరుకు ఎదురుగా ఉండాలి.

డిస్ట్రిబ్యూటర్ తీసి పెట్టాక బండి స్టార్టే కావడం లేదు, కార్బురేటర్‌లోంచి మంట తన్నుతోంది!

ఆపండి, ఇంకోసారి సెల్ఫ్ కొట్టొద్దు. రోటర్ సగం చుట్టు తేడాగా కూర్చుని ఉండే అవకాశం ఎక్కువ. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకి వస్తుంది, ఒకసారి కంప్రెషన్‌లో, ఒకసారి ఎగ్జాస్ట్ చివర. పుల్లీ మార్కు రెండుసార్లూ కలుస్తుంది, అందుకే మోసపోతాం. ఒకటో ప్లగ్ తీసి, రంధ్రం మీద వేలు పెట్టి ఇంజిన్‌ను చేత్తో తిప్పించండి. గాలి వేలిని నెట్టే చుట్టే కంప్రెషన్.

అది సరిగ్గానే ఉంటే ప్లగ్ వైర్ల వరుస చూడండి. నాలుగు సిలిండర్లలో 1-3-4-2 ఎక్కువగా కనిపిస్తుంది, 1-2-4-3 ఉన్నవీ ఉన్నాయి.

మా మెకానిక్ చెవితో వినే సెట్ చేసేస్తాడు. లైటు అవసరమా?

ఐడ్లింగ్‌లో టైమింగ్ ముందుకు జరిపేకొద్దీ ఇంజిన్ వేగం పెరిగి, నడక నున్నగా వినిపిస్తుంది. చెవి ఆ నున్నదనాన్నే పట్టుకుంటుంది. ఐడ్లింగ్‌లో హాయిగా వినిపించిన చోటు, బరువు లాగుతున్నప్పుడు ప్రమాదకరం కావచ్చు. రోడ్డు శబ్దంలో సన్నటి నాకింగ్ వినపడదు కూడా. దారిలో ఆగిపోయిన బండిని ఇంటికి చేర్చడానికి చెవి చాలు. చేరాక లైటు వేయాల్సిందే.

మాన్యువల్‌లో ఉన్నదానికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ పెడితే పికప్ పెరుగుతుందంటారు, నిజమేనా?

కొన్ని ఇంజిన్లలో కొంచెం తేడా తెలుస్తుంది, అదీ నాకింగ్ రానంతవరకే. ఒక హద్దు దాటాక అడ్వాన్స్ పెంచితే శక్తి పెరగదు, తగ్గుతుంది. ఎందుకంటే పైకి వస్తున్న పిస్టన్‌కే ఒత్తిడి ఎదురు నిలుస్తుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ నాకింగ్‌ను తట్టుకుంటుంది గానీ దానంతటదే బలం ఇవ్వదు. రోజూ కుటుంబంతో తిరిగే బండికి మాన్యువల్ అంకె దాటించమని మేం చెప్పం.

సీఎన్‌జీ కిట్ ఉంది. గ్యాస్‌కు తగ్గట్టు టైమింగ్ మార్చాలా?

సీఎన్‌జీ పెట్రోల్ కంటే నెమ్మదిగా కాలుతుంది, నాకింగ్‌ను ఇంకా బాగా తట్టుకుంటుంది. కాబట్టి దానికి ఎక్కువ అడ్వాన్స్ నప్పుతుంది. చిక్కేమిటంటే అదే బండి పెట్రోల్ మీద కూడా నడవాలి. గ్యాస్‌కని డిస్ట్రిబ్యూటర్ తిప్పేస్తే పెట్రోల్‌కు మారగానే నాకింగ్ మొదలవుతుంది. గ్యాస్ మీద ఉన్నప్పుడు మాత్రమే అడ్వాన్స్ కలిపే ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్నాయి, అదే సరైన దారి. అది లేకపోతే పెట్రోల్ అంకె దగ్గరే ఉంచండి.

## సెట్ చేశాక

ఇంజిన్ రేస్ చేసినప్పుడు అడ్వాన్స్ పెరుగుతోందో లేదో ఎలా చూడాలి?

వాక్యూమ్ పైపు మూసే ఉంచి, లైటు మార్కు మీద పెట్టి, ఆర్పీఎం నెమ్మదిగా పెంచండి. గీత ఎక్కడా ఆగి ఎగరకుండా, స్కేలు మీద అడ్వాన్స్ వైపు జరుగుతూ పోవాలి. కదలకపోతే లోపలి బరువులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. ఐడ్లింగ్‌కు వచ్చాక పాత చోటికి తిరిగి రాకపోతే స్ప్రింగు బలహీనపడింది.

ఇంజిన్ ఆపి కూడా చూడొచ్చు. రోటర్‌ను అది తిరిగే దిశలో వేళ్లతో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. వాక్యూమ్ డబ్బా పైపును నోటితో పీలిస్తే లోపలి ప్లేటు కదలాలి, పైపు కొసను నాలుకతో మూస్తే అలాగే నిలవాలి. నిలవకపోతే డయాఫ్రం చిరిగింది.

టైమింగ్ పెట్టగానే ఐడ్లింగ్ పెరిగిపోయింది.

అడ్వాన్స్ పెంచితే పెరుగుతుంది, భయం లేదు. స్క్రూతో ఐడ్లింగ్ దించి, టైమింగ్ మళ్లీ చూడండి. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి.

అంకె సరిగ్గానే ఉంది. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ వస్తోంది.

పుల్లీ రింగు జారి మార్కే అబద్ధం చెబుతుండొచ్చు. అది కాకపోతే పెట్రోల్ ఆక్టేన్ తక్కువ, సిలిండర్‌లో మసి పేరుకుని కంప్రెషన్ పెరగడం, మిశ్రమం పలచబడడం, ఇంజిన్ మామూలుకంటే వేడిగా నడవడం, ప్లగ్‌లు తప్పుడు హీట్ రేంజ్‌వి కావడం, అడ్వాన్స్ బరువులు ఎక్కువ దూరం తెరుచుకోవడం, ఇవన్నీ చూడాలి. కారణం దొరికేదాకా టైమింగ్‌ను రెండు డిగ్రీలు వెనక్కి పెట్టుకుని నడపడం తప్పు కాదు. అలాగే వదిలేయడం తప్పు.

కీ ఆఫ్ చేసినా ఇంజిన్ కాసేపు దడదడలాడుతూ తిరుగుతోంది. టైమింగేనా?

కీ ఆఫ్ చేశాక స్పార్క్ ఉండదు కాబట్టి నేరుగా కాదు. లోపల ఎర్రగా కాలిన మసి గానీ ప్లగ్ కొన గానీ మిశ్రమాన్ని అంటిస్తోంది. చాలాసార్లు కారణం ఐడ్లింగ్ ఎక్కువ పెట్టడం. టైమింగ్ బాగా రిటార్డ్ అయి, దాన్ని కప్పడానికి ఎవరో ఐడ్లింగ్ స్క్రూ బిగించిన బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. టైమింగ్ సరిచేసి స్క్రూ దించితే పోతుంది.

ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

పాయింట్లు ఉంటే ప్రతి సర్వీసుకూ. పాయింట్లను కదిపే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ మెల్లగా వెనకబడుతుంది, రోజూ నడిపేవాళ్లకు ఆ తేడా తెలియదు. ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్‌లో అరిగేది లేదు కనక బెల్టు మార్చినప్పుడో, డిస్ట్రిబ్యూటర్ తీసినప్పుడో చూస్తే చాలు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెడితే టైమింగ్ గొడవే ఉండదా?

గ్యాప్ గొడవ పోతుంది, టైమింగ్ పని పోదు. కిట్ పెట్టిన రోజు లైటుతో మళ్లీ సెట్ చేయాలి, ఎందుకంటే దాని సెన్సర్ స్పార్క్ ఇచ్చే చోటు పాయింట్లు విడిపోయిన చోటే కావాలని లేదు. బరువులు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా పాతవే ఉంటాయి. కాయిల్ రెసిస్టెన్స్ కిట్ తయారీదారు చెప్పినదానికి సరిపోతుందో చూడండి, లేకపోతే మాడ్యూల్ కాలిపోతుంది.

కొత్త కారు. స్కానర్‌లో టైమింగ్ అంకె ఐడ్లింగ్‌లో కూడా ఊగుతూనే ఉంది. టెన్షన్‌గా ఉంది.

అక్కర్లేదు. ఐడ్లింగ్ వేగాన్ని నిలబెట్టడానికి ఈసీయూ టైమింగ్‌ను కొన్ని డిగ్రీలు ముందుకూ వెనక్కూ జరుపుతూనే ఉంటుంది. థ్రాటిల్ కదిపేదానికంటే అదే వేగంగా పనిచేస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు అంకె బాగా మారడం కూడా సహజం. గట్టిగా తొక్కిన ప్రతిసారీ అంకె పడిపోతూ బండి లాగకపోతే మాత్రం నాక్ సెన్సర్ ఏదో వింటున్నట్టు. అప్పుడు పెట్రోల్, ఇంజిన్ వేడి, నాక్ సెన్సర్ బోల్టు బిగింపు, ఈ మూడూ చూపించండి.